రెండో గేరులో ఏడ్చే జీపు

సోమునాయుడు మేస్త్రిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, చెక్‌పోస్టు దాటగానే ఎడమ చేతి వైపు ఉన్న ఆ రేకుల షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లందరికీ ఇది అనుభవమే. "క్లచ్చి ఎందుకు జారుతుంది గురువుగారూ?" అని అడిగితే ఆయన తల ఎత్తకుండా, "ఆ లారీ కిందికి దూరు" అనేవాడు. దూరినవాడు సాయంత్రానికి ఒళ్లంతా నూనె పూసుకుని బయటికొచ్చేవాడు, క్లచ్చి ఎందుకు జారుతుందో మాత్రం ఇక జన్మలో మరిచిపోయేవాడు కాదు. ఒకసారి ఎవరో తాగొచ్చి, దేవుడున్నాడా లేడా చెప్పమని నిలదీస్తే, "ముందా జాకీ ఇటందుకో" అన్నాడని చెప్పుకుంటారు. అది నిజంగా జరిగిందో, శిష్యులు పుట్టించిందో తేల్చడం కష్టం. ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ జరగలేదని మాత్రం అనరు.

ఆ శిష్యుల్లో పెద్దవాడు తవిటయ్య. వయసు నలభై మూడు. పాతికేళ్లకు పైగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. చేతిలో పనితనం ఉంది, మనసులో కల్మషం లేదు. ఉన్న లోపమల్లా ఒకటే, ఏ యంత్రాన్ని చూసినా విప్పేదాకా అతని చెయ్యి ఊరుకోదు. అతన్ని పదిహేడో ఏట చెవి పట్టుకుని ఆ షెడ్డుకు తీసుకొచ్చింది వాళ్ల అప్ప నరసాయమ్మ. ఆ ప్రాంతంలో అక్కను అప్ప అంటారు. తల్లి పోయేటప్పటికి తవిటయ్యకు నాలుగేళ్లు, అప్పకు ఇరవై రెండు. అప్పటికే భర్త పోయి పుట్టింటికి చేరిన ఆ మనిషి తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. "ఈడికి తిండి నానెడతాను బాబూ, పని నువ్వెట్టు" అని ఆ రోజు మేస్త్రితో అంది. ఆ మాట మీద ఆవిడా నిలబడింది, ఆయనా నిలబడ్డాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తవిటయ్య చేతులు కడుక్కుని వచ్చి మేస్త్రి ఎదుట నిలబడ్డాడు. శుక్రవారం సెలవు కావాలన్నాడు. ఎందుకని మేస్త్రి అడగలేదు. అడగకపోయేసరికి తవిటయ్యే చెప్పుకోవలసి వచ్చింది.

"మా అప్పని సింహాచలం దగ్గర ఒక ఆశ్రమంలో దింపేసి వస్తానండి. ఇంక మావల్ల అవడం లేదు గురువుగారూ. మీకు తెలిసిన అప్ప కాదండి ఆవిడిప్పుడు. పొద్దున్న నాలుగింటికి గేదె దగ్గర మొదలెడతాది. పాలు పితుకుతా అరుస్తాది. మా మావగారికి పక్షవాతం కదండి, ఆయన మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలయింది, ఆయనకి గంజి పడతా అరుస్తాది. పిల్లలిద్దరికీ జడలేస్తా అరుస్తాది. మా బావమరిది కొడుకు మా ఇంట్లో ఉండి కాలేజీకెళ్తన్నాడు, ఆడికి కేరేజీ కడతా అరుస్తాది. నా పెళ్లాం భవాని పొద్దున్నే అంగన్‌వాడీలో పనికి పోయి సాయంత్రం వస్తాది, దాన్ని చూస్తే మరీని. నేను గుమ్మంలో చెప్పులిప్పితే ఆ చప్పుడికి కూడా అరుస్తాదండి."

మేస్త్రి తమలపాకుకు ఈనె తీస్తూ వింటున్నాడు. విన్నవాళ్లకు ఆ జాబితా ఏమి చెబుతుందో గాని, చెబుతున్న తవిటయ్యకు మాత్రం అందులో అరుపులే వినబడుతున్నాయి. అతను ఇంకా చెప్పాడు. డాక్టరుకు చూపించాడట. అక్కడ అప్ప కుర్చీలో కూర్చుని ఆ డాక్టరమ్మతో నవ్వుతూ కబుర్లాడిందట. బీపీ లేదు, సుగరు లేదు, నరాలు బాగున్నాయన్నారు. సరే కదా అని బొబ్బిలిలో ఉన్న రెండో అక్క, చిన్నప్ప ఇంటికి పది రోజులు పంపించాడట. అక్కడ ఒక్క మాట గట్టిగా అనలేదు సరికదా, పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని కథలు చెప్పిందట.

"అంటే ఏటన్నమాటండి? మనిషిలో లోపం లేదు. మా ఇల్లే ఆవిడకి పడలేదు. ఆశ్రమంలో అయితే గది ఉంటాది, భజనుంటాది, వేళకి తిండుంటాది. సుఖపడతాదనే కదండీ..." అన్నాడు. తవిటయ్య చెడ్డవాడు కాదు. మూడు నెలలుగా కంటి మీద కునుకు లేకుండా ఆలోచించి ఆ నిర్ణయానికి వచ్చాడు. చెడ్డవాడైతే అంత ఆలోచన అక్కర్లేకపోయేది.

"ఆవిడకి సెప్పినావా?" అన్నాడు మేస్త్రి.

"లేదండి. సింహాద్రి అప్పన్న దర్శనానికని చెప్పాను." తవిటయ్య తల వంచుకున్నాడు. "కొత్త చీర తీసి తలగడ కింద పెట్టుకుంది." అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు. "అంత మంచి మనిషి నోరు ఇలా ఎందుకైపోయిందంటారు గురువుగారూ?"

మేస్త్రి ఆకు నోట్లో పెట్టుకుని రోడ్డు వంక చూశాడు. ఒక పాత జీపు దుమ్ము రేపుకుంటూ షెడ్డు వైపు తిరుగుతోంది.

"ఆ బండి లోపలికి తియ్యి" అన్నాడు.

ఆ జీపు పాంగి దొంబుది. నాలుగు చక్రాలూ లాగే పాత రకం బండి. దాని వయసు దొంబుకే సరిగ్గా తెలియదు. అసలు రంగేదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఎద్దుమెట్ట మీది ఊళ్లకు రోడ్డు సగమే ఉంది, మిగతా సగం రాళ్లూ, గెడ్డలనే రెండు కొండవాగులూ. అక్కడికి పోయే బండి ఇదొక్కటే. పురిటికైనా, పాము కాటుకైనా, గురువారం సంతకైనా ఇదే దిక్కు. దొంబుకు ఎల్లి అనే పెళ్లాం తర్వాత ఈ జీపంటేనే ప్రాణం, కోపం వచ్చిన రోజు ఈ వరస తారుమారవుతుందని ఎల్లి అంటుంది. నెలన్నరగా ఆ జీపు గేర్‌బాక్సు ఒక శబ్దం చేస్తోంది. దొంబు మాటల్లో చెప్పాలంటే, "ఎద్దుమెట్ట ఎక్కితే రెండో గేర్లో ఏడస్తంది." ఏడుపు కూడా మామూలు ఏడుపు కాదట. కడుపులోంచి మూలిగి మూలిగి, మెట్ట సగానికొచ్చేసరికి శోకం పెడుతుందట. క్లచ్చి తొక్కితే చప్పున ఆపేస్తుందట.

తవిటయ్య దాన్ని అప్పటికే రెండుసార్లు విప్పాడు. క్లచ్చి తొక్కితే ఆగుతోందంటే ముందు బేరింగే అయ్యుంటుందని మొదటిసారి బేరింగు మార్చాడు. రెండోసారి మధ్య గేరూ, దాని షాఫ్టూ మార్చి, కొత్త నూనె పోశాడు. రెండుసార్లూ దొంబును పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ మొదటి మలుపు దాకా నడిపి చూపించాడు. రెండుసార్లూ జీపు కిక్కురుమనలేదు. ఇప్పుడు మూడోసారి దొంబు దిగి, చేతులు నలుపుకుంటూ, "మళ్లీ ఏడస్తంది మేస్త్రీ" అనేసరికి తవిటయ్యకు ఒళ్లు మండింది.

"దొంబూ, శబ్దం బండిలో లేదురా. నీ చెవిలో ఉంది."

"నా సెవిలో ఉంటే మా ఎల్లికి ఎలగ వినపడతాది తవిటన్నా?" అన్నాడు దొంబు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

మేస్త్రి నవ్వలేదు. తవిటయ్యను మళ్లీ ఒకసారి నడిపి రమ్మన్నాడు. నడిపి వచ్చాడు, శబ్దం లేదు. గేరు పెట్టె దింపి మూడోసారి విప్పి చూస్తానని తవిటయ్య స్పానర్లు తీశాడు. "ఇప్పినప్పుడల్లా అది నీకేటి సెప్పినాది?" అని మేస్త్రి అడిగాడు. తవిటయ్య స్పానర్లు కింద పెట్టాడు. అప్పుడు మేస్త్రి దొంబు వైపు తిరిగి, అది ఏడ్చిన రోజున బండిలో ఎవరెవరున్నారని అడిగాడు. దొంబు వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. సంతకెళ్లి వస్తున్న ఆడవాళ్లు పదకొండు మంది, వాళ్ల పిల్లలు, ముందు బానెట్టు మీద నలుగురు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్లు అయిదుగురు, ఉప్పు బస్తాలు, ఎండుచేపల గంప, కోళ్ల గంప, ఒక మేక. విని, మేస్త్రి లేచి చెయ్యి దులుపుకున్నాడు.

"లక్ష్మివారం నానూ వస్తాను, ఈడూ వస్తాడు. అందరినీ ఎక్కించు. ఒక్కలు తగ్గకూడదు."

గురువారం సంత మధ్యాహ్నానికే పలచబడింది. షెడ్డు పక్కనున్న బయల్లో జీపు నిలబెట్టి ఉంది. జనం ఎక్కకముందే మేస్త్రి, ఆ డెబ్భై ఏళ్ల వయసులో, గోనె పరుచుకుని దాని కిందికి దూరాడు. ఆకుల సంచిలోంచి సున్నం డబ్బా తీసి, తడి సున్నం వేలికి రాసుకుని, గేర్‌బాక్సు అడుగునా, షాఫ్టు పక్కనా, ఇరుసు దగ్గరా చుక్కలు పెట్టాడు. తవిటయ్య వంగి చూసి, "దిష్టి చుక్కలా గురువుగారూ?" అన్నాడు. లోపలి నుంచి "ఊఁ" అని మాత్రం వినిపించింది. తవిటయ్య మనసు అక్కడ లేదు. మర్నాడు పొద్దున ఆరింటికి కారు మాట్లాడి ఉంచాడు. ఇంట్లో అప్ప దర్శనానికని కొబ్బరికాయలు కూడా తెప్పించింది. ఆ ఉదయం అతను బయల్దేరుతుంటే ఎప్పటిలాగే అరిచింది, గుమ్మం దాటాక వెనక్కి పిలిచి కేరేజీ చేతికిచ్చింది. ఆ అరుపూ, ఆ కేరేజీ రెండూ దారంతా అతన్ని పొడుస్తూనే ఉన్నాయి.

జనం ఎక్కడం మొదలుపెట్టారు. ఆ జీపులోకి అంతమంది పట్టడం చూసినవాళ్లకు వింతగాని, ఎక్కేవాళ్లకు కాదు. ఎవరి చోటు వాళ్లకు తెలుసు. సుకిరి అనే ముసలమ్మ ఎండుచేపల గంప ఒళ్లో పెట్టుకుని, డ్రైవరు వెనక చోటులో సర్దుకుంది. తవిటయ్య శబ్దం వినడానికని ముందు సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మేస్త్రి మాత్రం వెనక, ఆడవాళ్ల కాళ్ల మధ్య గోనె వేసుకుని, గేర్‌బాక్సుకు దగ్గరగా నేల మీద కూలబడి, ఇనప రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏటి తాతా, ముందు కూకోలేవా?" అంది పక్కనున్న పిల్లతల్లి.

"ఇక్కడే బాగుంది తల్లీ" అన్నాడు మేస్త్రి.

సుకిరికి విషయం తెలిసి నవ్వు వచ్చింది. "దీని ఏడుపు మానిపిద్దామనేటి వొచ్చినారు ఇద్దరూ? ఇంతమందిమి ఎక్కి కూకున్నాం. మోసేదానికి ఏడుపు కూడా వొద్దంటే ఎలగ బాబూ?" అంది. బండంతా గొల్లున నవ్వింది. తవిటయ్య కూడా నవ్వాడు. నవ్వి, ఎందుకో ఆ నవ్వును మధ్యలోనే ఆపేసి రోడ్డు వైపు తిరిగాడు.

మొదటి గెడ్డ దాటేదాకా జీపు బుద్ధిగా నడిచింది. ఎద్దుమెట్ట మొదలయ్యాక దొంబు రెండో గేరులో వేశాడు. ముందు చిన్న మూలుగు. అది పిల్లిది కావచ్చు, గంపలో కోడిది కావచ్చు అన్నంత చిన్నది. పది గజాలు ఎక్కేసరికి అది నేల రేకులోకి దిగింది, సీట్లలోకి పాకింది, మెట్ట నడుముకు వచ్చేసరికి బండి ఒళ్లంతా ఒకే గొంతై ఏడవసాగింది. పాతికేళ్లలో తవిటయ్య అలాంటి శబ్దం వినలేదు. దొంబు స్టీరింగు మీంచి కళ్లు తీసి, "ఇప్పుడు నీ సెవిలో కూడా ఉందేటి తవిటన్నా?" అన్నాడు. తవిటయ్య ముఖం వాడిపోయింది.

మేస్త్రి బండి ఆపమన్నాడు. దొంబు చక్రం వెనక రాయి పెట్టాడు. మేస్త్రి ముందుగా బానెట్టు మీది నలుగుర్నీ దిగి నడవమన్నాడు. మళ్లీ కదిలించారు, ఏడుపు అలాగే ఉంది. మళ్లీ ఆపి వెనక వేలాడేవాళ్లను దించారు. ఏడుపు ఉంది గాని, కాస్త గొంతు తగ్గింది. ఉప్పు బస్తాలు దించారు. పిల్లల్నెత్తుకున్నవాళ్లు తప్ప మిగతా ఆడవాళ్లు నవ్వుకుంటూ, తిట్టుకుంటూ దిగారు. బండి కదిలింది. ఏడుపు లేదు. మెత్తగా, మామూలుగా, పాత గేర్‌బాక్సు ఎప్పుడూ చేసే గుర్రు మాత్రం ఉంది. "ఇప్పుడందరూ ఎక్కండి" అన్నాడు మేస్త్రి. ఎక్కారు. ఏడుపు మళ్లీ వచ్చింది. అప్పుడు బండి ఆపించి, తవిటయ్యను పేరు పెట్టి పిలిచి, కిందికి దూరి సున్నం ఎక్కడంటిందో చూడమన్నాడు.

తవిటయ్య దూరాడు. షాఫ్టు పక్కన పెట్టిన చుక్క పెట్టినట్టే ఉంది. ఇరుసు దగ్గరిదీ చెదరలేదు. గేర్‌బాక్సు అడుగున పెట్టిన సున్నం మాత్రం అక్కడ లేదు. దాని కిందున్న దళసరి ఇనప రేకు మీద తెల్లగా అచ్చు పడి ఉంది, అరచేతి వెడల్పున. అతను ఆ అచ్చును వేలితో తుడిచాడు, మళ్లీ చూశాడు. ఆ రేకు ఎవరిదో అతనికి బాగా తెలుసు. పోయిన వానాకాలం రెండో గెడ్డలో బండరాయి తగిలి ఈ పెట్టె అడుగు పగిలింది. నూనె అంతా గెడ్డలో కలిసి, దొంబు ఒక బాలింతను మంచం మీద మోయించుకు రావలసి వచ్చింది. అది విని మనసు కరిగి, ఎవరూ అడక్కుండానే, ఇంక ఏ రాయీ దీన్ని తాకకూడదని ఆ రేకు కోసి, వంచి, నాలుగు బోల్టులతో బిగించింది తనే. వేలు పట్టేంత సందే ఉంచి, బిగువుగా కుదిరిందని తన పనికి తనే మురిసిపోయిన రోజు కూడా గుర్తుంది. బండి ఖాళీగా ఉంటే ఆ వేలు సందు చాలు. పాతిక మంది ఎక్కి, ఎత్తు ఎక్కేటప్పుడు, పెట్టె కింద ఈమధ్యే మెత్తబడిన పాత రబ్బరు దిమ్మలు అణిగిపోయి, పెట్టె ఒరిగి ఆ రేకు మీద కూర్చుంటోంది. పెట్టెలో ఎప్పుడూ ఉండే గుర్రే రేకులోకీ, చట్రంలోకీ, బండి ఒళ్లంతటికీ పాకుతోంది. పక్కింట్లో దంచుతున్న రోకలి పోటు ఉమ్మడి గోడ వల్ల మనింట్లో మోగినట్టు. క్లచ్చి తొక్కితే ఆ గుర్రు ఆగేది గనకే ఏడుపూ ఆగేది. పెట్టెలో పాడైంది ఏదీ లేదు. రెండుసార్లు విప్పి అతను మార్చినవన్నీ మంచి సామానులే.

అతను వేలికంటిన సున్నం చూసుకుంటూ పాక్కుని బయటికి వచ్చాడు. "నేను వేసిన రేకేనండి" అన్నాడు.

మేస్త్రి ఆకుల సంచిలోంచి నాలుగు పొడుగు బోల్టులూ, పాత టైరు ముక్కలు నాలుగూ తీసి రాయి మీద పెట్టాడు. తవిటయ్య వాటిని చూశాడు, ఆయన్ని చూశాడు. "మంగళవారమే తెలుసా అండి మీకు?"

"అనుమానం నాది. సూడాల్సినోడివి నువ్వు."

"రేకు తీసి పారేద్దునా?"

"ఎందుకూ? గెడ్డలో రాళ్లు ఎక్కడికి పోతాయి? ఉండనీ. రెండు వేళ్ల సందు వొదులు."

టైరు ముక్కలు మధ్యలో పెట్టి, రేకును రెండు వేళ్ల సందు వచ్చేలా కిందికి దించి బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. రబ్బరు దిమ్మలు తర్వాత షెడ్డులో మార్చవచ్చు. అందరూ ఎక్కారు. దొంబు దేవుడికి దణ్ణం పెట్టుకుని రెండో గేరులో వేశాడు. జీపు ఎద్దుమెట్ట ఎక్కింది. నడుము దాటింది, తల దాకా వెళ్లింది. గంపలో కోళ్ల కొక్కొక్కూ, వెనక ఎవరిదో దగ్గూ, మేక మెడలో గంటా నెలన్నరలో మొదటిసారిగా ఆ దారిలో అందరికీ వినబడ్డాయి. సుకిరి తూగుతోంది. బండి ఏడవడం మానేసిందని చెప్పడానికి ఎవరో ఆవిణ్ణి లేపబోతే, దొంబు వద్దని సైగ చేశాడు. అతని కళ్ల నిండా నీళ్లున్నాయి. అవి తుడుచుకోవడానికి స్టీరింగు వదిలితే అందరం గెడ్డలో పడతామని తెలిసి, అలాగే కారనిచ్చాడు.

మెట్ట మీది ఊళ్లో అందరూ దిగి ఎవరి గంపలు వాళ్లు ఎత్తుకుపోయారు. దొంబు ఇంట్లో ఎల్లి ఇచ్చిన రాగి అంబలి తాగి, గురుశిష్యులిద్దరూ తిరుగు ప్రయాణానికి ముందు ఊరి చివర ఒక రాతి మీద కూర్చున్నారు. ఎండ ఇంకా పోలేదు. కింద పసుపు చేలు, వాటి మధ్య వచ్చిన దారి కనిపిస్తున్నాయి. తవిటయ్య ఆ దారినే చూస్తూ అడిగాడు.

"మంగళవారం నేనొకటి అడిగానండి. దానికి మీరేం చెప్పలేదు."

"మీ ఇంట్లో ఎంతమంది ఎక్కినారురా మీ అప్ప మీద?" అన్నాడు మేస్త్రి.

తవిటయ్య మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అతని చెయ్యి దానంతటదే తెరుచుకుంది. మావగారు, బొటనవేలు. ఇద్దరాడపిల్లలు. బావమరిది కొడుకు. అంగన్‌వాడీలో పొద్దంతా పిల్లలతో వేగి వచ్చే భవానికి రాత్రి వంట. చెయ్యి మారింది. గేదె, దాని దూడ. రెండో చేతిలో మూడో వేలు దగ్గర ఆగి, అది తనదేనని తోచి, దాన్ని మడవలేక, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిది నెలల కింద మావగారిని మంచంతో సహా ఇంట్లోకి దించిన రోజున, తనే అప్ప రెండు చేతులూ పట్టుకుని, "ఇంటికి పెద్దదిక్కువి నువ్వే అప్పా, నువ్వు లేకపోతే మాకు గంజినీళ్లు కూడా పుట్టవు" అన్నాడు. గౌరవమనే అన్నాడు. మురిసిపోయి అన్నాడు. ఆ రోజు ఆవిడ ఏమీ అనకుండా నవ్వి, కొంగు నడుముకు చుట్టి లోపలికి వెళ్లింది. బొబ్బిలిలో ఆవిడ ఎవర్నీ మొయ్యలేదు. డాక్టరమ్మ ఎదుట కుర్చీలో ఖాళీగా కూర్చుంది. నలభై మూడేళ్ల మనిషి, పక్కన గురువున్నాడన్న సిగ్గు కూడా లేకుండా, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మేస్త్రి అతని వీపు మీద చెయ్యి వేశాడు, జీపులో రేకు మీద ఆనించినట్టే, కదపకుండా. దూరంగా దొంబు బండికి నీళ్లు పోస్తూ ఇటు చూసి, చూడనట్టు తిరిగిపోయాడు.

కొంతసేపటికి తవిటయ్య ముఖం తుడుచుకుని లేచాడు.

"ఆశ్రమంవాళ్లకి ఫోన్ చేసి రామని చెప్పేస్తానండి. రేపు సెలవు కూడా అక్కర్లేదు."

"సెలవెందుకు మానీడం? పుచ్చుకో" అన్నాడు మేస్త్రి, గోనె మడిచి చంకన పెట్టుకుంటూ. "కారు ఎలాగూ మాట్లాడినావు. అందులో మీ అప్పనీ, మీ భవానినీ అప్పన్న కొండకి పంపు. మావగారి దగ్గరా గేదె దగ్గరా నువ్వుండు. ముందు నువ్వు దిగి సూడు."